చెవి దగ్గర మిరపకాయ

ప్రేమలత తన భర్త సుదర్శన్ చొక్కాలను ఎప్పటిలాగే వేరే బకెట్‌లో నానబెట్టింది. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో మేనేజర్ బట్టలు కదా, కలిపి నానబెడితే మిర్చి ఘాటు ఇంటిల్లిపాది బట్టలకూ పడుతుంది. ఆ స్టోరేజీ ఆమె అన్న శేఖర్‌ది. వాళ్ళుంటున్న మేడ మీది రెండు గదులూ అతనివే. కింద అతను దగ్గితే పైన వినిపిస్తుంది.

సుదర్శన్ ముందున్న ఉప్మా చల్లారిపోయింది.

"తినరాదు," అంది అతని తల్లి బక్కమ్మ. "పళ్లెంతోని కొట్లాట పెట్టుకున్నవా?"

"ఆకలైతలేదమ్మా."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. శేఖర్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెల్లె, జర చాయ్ పొయ్యి. సుదర్శన్, ఇయ్యాల రైతులొస్తాండ్రు. కాయ పచ్చిగ తెచ్చిండ్రు, అందుకే బూజు పట్టిందని చెప్పు. గంతే."

"ఎండుకాయే తెచ్చిండ్రు బావా. కూలింగ్ మిషన్లు బందువెట్టమన్నది నువ్వు. కరెంటు బిల్లు ఎక్కువొస్తాందని."

"స్విచ్చు బందువెట్టింది నువ్వే గద." శేఖర్ నవ్వాడు. "కాయ పచ్చిదంటే నష్టం వాళ్ళది. మిషన్లంటే మనది. నేను చెప్తే వాళ్ళు నమ్మరు, నువ్వు చెప్తే నమ్ముతరు. గందుకే నిన్ను ఆ కుర్చీల కూసోబెట్టిన."

చాయ్ తాగి అతను దిగిపోయాడు.

సుదర్శన్ కదలలేదు. బస్తా దిగగానే అందులోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపడం అతని అలవాటు. గింజలు గలగలమంటే లోపలికి. మూగగా ఉంటే ఇంకా ఎండాలని వెనక్కి. 'కాయలు సార్‌తోని ముచ్చట పెడతయ్' అని రైతులు నవ్వుకునేవారు. ఈసారి బూజు పట్టిన బస్తాలన్నీ అతని చెవి దగ్గర గలగలమన్నవే.

"ఒక్క మాటనే గద," అంది ప్రేమలత మెల్లగా. "అన్నను కాదంటే ఎక్కడుంటం? అత్తమ్మ గుండె ఆపరేషన్‌కు దవాఖానల ఎవలున్నరు? మన బిడ్డ నవ్య ఫీజు ఎవలు కట్టిండ్రు?"

"నన్ను అడ్డం పెట్టకు బిడ్డా," అంది బక్కమ్మ.

అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి వచ్చిన నర్సయ్య. బక్కమ్మ పుట్టిన ఊరి మనిషి. అతని బస్తాలు కూడా ఆ బూజు పట్టినవాటిలోనే ఉన్నాయి.

"అక్కా, మంచిగున్నవా?" అంటూ గడప పక్కనే కూర్చున్నాడు. కుర్చీ చూపించినా లేవలేదు.

"బిడ్డా, నిన్న ఆఫీసుల నుంచి ఫోన్ జేసిండ్రు. మా కాయ పచ్చిగుండెనట. కల్లం కాడ ఎండబెట్టింది నా ఇంటిది, మీ అత్త సమ్మమ్మ. ఎండింది, ఎత్తుదామన్నది గూడ ఆమెనే. నోటికొచ్చినట్టు తిట్టిన. బువ్వ ముట్టలే. పొద్దుగాల జూస్తె ఉత్త కల్లం కాడ ఒక్కతే కూసున్నది."

ప్రేమలత నర్సయ్యకు తెస్తున్న చాయ్ గ్లాసుతో ఆగిపోయింది.

"నేను కొట్లాటకు రాలే. నువ్వు చెవి కాడ పెట్టుకొని ఊపినవ్ గద, నాకు ఆఫీసోల్ల మాట వద్దు. పచ్చిదని నువ్వను, ఒప్పుకొని పోత."

కింద శేఖర్ దగ్గు వినిపించింది. అబద్ధం చెప్పినా ఈ మనిషి నమ్ముతాడు. నమ్మి, ఇంటికి పోయి, సమ్మమ్మను జీవితాంతం తప్పు పడతాడు.

"కాయ ఎండుదే మామా," అన్నాడు. "ప్రతి బస్తా గలగలమన్నది. మిషన్లు బందువెట్టినం. బందువెట్టింది నేనే. అత్తది ఏ తప్పూ లేదు. రైతులందరి ముంగట గిదే చెప్త."

అనేసి, భార్య ముఖం వైపు చూడటానికి భయపడి తల దించుకున్నాడు.

ప్రేమలత గ్లాసు నర్సయ్య ముందు పెట్టి, తన ఫోన్ అందించింది.

"ముందు అత్తకు చెప్పు మామా. తర్వాత చాయ్ తాగు."

నర్సయ్య ఇంటి నంబరు నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల సమ్మమ్మ గొంతు గదంతా వినిపించింది. "ఎవలు? నువ్వేనా? ఏమైందయ్యా? మాట్లాడవేంది?"

"కాయ... ఎండుదేనట," అన్నాడు చివరికి. "నా నోరు పాడుగాను."

అవతలి నుంచి ఏడుపు. బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సుదర్శన్! కిందికి రా!" శేఖర్ కేక మెట్లెక్కి వచ్చింది. అంతా విన్నట్టున్నాడు.

సుదర్శన్ లేచాడు. ప్రేమలత అతని భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది. పళ్లెం తీసుకుపోయి ఉప్మా వేడి చేసి తెచ్చి ముందు పెట్టింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తిను. ఖాళీ కడుపుతోని మా అన్న ముంగట నిలబడొద్దు. నేను గూడ వస్త."

అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి కేకేసింది.

"వస్తాండు అన్నా. తింటాండు, జర ఆగు."