మూడోసారి వెలిగిన లైటు

మూడోసారి కూడా అదే కారు వచ్చి షెడ్డు ముందు ఆగేసరికి మేస్త్రి కూతురికి తల కొట్టేసినట్టయింది.

షెడ్డు తన చేతికొచ్చి నెల కూడా కాలేదు. ఇచ్చేటప్పుడే నాన్న తెగేసి చెప్పాడు: "ఒకే రోగంతో ఏ బండైనా మూడోసారి వచ్చిందా, పానా నాకిచ్చెయ్."

"మళ్ళీ వెలిగిందండీ," అన్నాడు కారు దిగిన డ్రాయింగ్ మాస్టారు, తప్పంతా తనదే అన్నట్టు. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ లైటు దర్జాగా వెలుగుతోంది.

స్కానర్ పెట్టింది. పాత పాటే, అదే కోడ్. పెట్రోల్ ఆవిరి ఎక్కడో లీకవుతోంది. మొదటిసారి ట్యాంకు మూత మార్చింది, తర్వాత వాల్వు మార్చింది. ఇక మిగిలింది షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళ ముసిముసి నవ్వులే.

"నిజం చెప్పండి మాస్టారూ! కావాలనే మూత వదులు చేసుకుని వస్తున్నారు కదూ?"

అతని ముఖం కందిపోయింది. "మిమ్మల్ని చూడాలనిపిస్తే చూడ్డానికే వచ్చానని చెప్తాను. దానికోసం మీ పనికి చెడ్డపేరు తెస్తానా?"

అబ్బ, ఎంత మాటన్నాడు! తన పని పరువు గురించి నాన్న తప్ప ఇంకొకరు పట్టించుకోవడం ఇదే మొదలు.

"అమ్మాయ్, కోడ్ చెరిపేసి పంపేద్దామా?" లోపలినుంచి మేస్త్రి అడిగాడు. "కొన్నాళ్ళు వెలగదు."

"చెరపను నాన్నా. లైటు ఆర్పితే రోగం పోతుందా?"

ఈలోగా వాన దంచడం మొదలుపెట్టింది. ఆమె ట్యాంకు గొట్టాల్లోకి పొగ వదిలే మిషను తగిలించి కారు కిందికి దూరింది.

"టార్చి పట్టుకుంటారా, ఇంకా కోపమేనా?"

"కోపంగానే పట్టుకుంటాను," అంటూ అతనూ దూరాడు.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆమె చూపు గొట్టం మీద, అతని చూపు ఆమె మీద. టార్చి మాత్రం పాపం ఎటో పోతోంది.

"వెలుగు ఇటు మాస్టారూ, నా మొహం మీద కాదు!"

వెలుగు తిరిగింది. ట్యాంకు పైన, గొట్టం వంపు తిరిగిన చోట, దారప్పోగులాంటి పొగ. వెంట్రుకవాసి పగులు!

"దొరికావురా దొంగా!" అని ఆమె అరిచిన అరుపు వానను మించింది.

కొత్త గొట్టం వేసి మళ్ళీ పొగ వదిలింది. రవ్వంత పొగ కూడా బయటికి రాలేదు. మేస్త్రి స్వయంగా వంగి చూసి, లేచి, కిందున్న పానా తీసి మళ్ళీ కూతురి చేతిలోనే పెట్టాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"బాబూ, ఇక ఈ షెడ్డులో ఏది అడగాలన్నా నన్ను కాదు, మా అమ్మాయినే అడుగు," అన్నాడు గర్వంగా.

మాస్టారు చటుక్కున ఆమె వైపు తిరిగాడు.

"అయితే అడుగుతున్నానండీ. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

రేకుల మీద వాన హోరు. మేస్త్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటీ?" అన్నాడు.

ఆమె గ్రీజు చేతులు నడుముకు పెట్టుకుని తలెత్తి నిలబడింది. "నాన్నకి వినపడలేదట మాస్టారూ. ఇంకాస్త గట్టిగా అడగండి!"