కట్టకో కొసరు పుల్ల

లూదియా టీచర్ మా అంగడికి మొదటిసారి వచ్చిన రోజు నన్ను పదకొండు సార్లు "అన్నా" అంది. నేను లెక్కపెట్టాను. మా నరేశ్‌కు లెక్కలు రావని మా అమ్మ నా గురించి ఊరంతా చెప్తుంది గానీ, కొన్ని లెక్కలు గుండెకు తగులుతాయి. అవి తప్పు పోవు.

ఆళ్లగడ్డలో మాది బుట్టలు, చాటలు, చీపుళ్లు అమ్మే అంగడి. ఆ సాయంత్రం సన్నగా వాన పడుతోంది. బస్సు దిగి వచ్చినామె గొడుగు మడవకుండానే లోపలికి దూరింది. గొడుగు మీది నీళ్లన్నీ నా కొత్త చాటల మీద పడ్డాయి. ఏందమ్మా ఇది అని అరవబోయి, ముఖం చూసి, నోరు మూసుకున్నాను.

ఉండేది నంద్యాలలోనట. శిరివెళ్ల దాటాక ఒక పల్లె బడిలో రెండో తరగతికి చెప్తుందట. ఆమెకు కావలసింది చీపురు కాదు. కొబ్బరి ఈనెలు జానెడు ముక్కలుగా కోసి, పదేసి చొప్పున పది కట్టలు కట్టివ్వాలి.

"పదికి పదే ఉండాలన్నా. ఒకటి ఎక్కువ గాదు, ఒకటి తక్కువ గాదు."

"ఒకటెక్కువైతే ఏమైతాది మేడం? మేం ఎవరికిచ్చినా ఒకటెక్కువే ఇస్తాం" అన్నాను నవ్వుతూ. ఆ మాటే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఆమె నవ్వలేదు. ఓపిగ్గా చెప్పింది. ఇరవై మూడు రాయమంటే పిల్లలు 203 అని రాస్తారట. ముందు ఇరవై రాసి, పక్కన మూడు పెడతారు. చెవికి అట్లే వినబడుతుంది కాబట్టి వాళ్లనేం అనలేం. ఇరవై అంటే రెండు పదులని చేతికి తెలియాలి. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు పట్టుకుంటే, రెండు పక్కన మూడు ఎందుకు రాయాలో వాళ్లకే అర్థమవుతుంది.

చిన్నప్పుడు నేనూ ఆ బాపతే. నూట పది రాయమంటే 10010 అని రాసి బెత్తం దెబ్బలు తిన్నాను. ఆ సంగతి చెప్పగానే ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు చూశాక వంద పుల్లలు కాదు, లక్ష కోయమన్నా కోసేవాణ్ణి.

ఆ రాత్రే కోసి, ఒక్కో కట్టనూ మూడుసార్లు లెక్కపెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టాను. మరుసటి రోజు ఆమె వచ్చి తీసుకుపోతూ "థాంక్స్ అన్నా" అంది. పన్నెండు.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నరేశ్ గారూ, మీతో మాట్లాడాల" అంది. అన్నా పోయి గారు వచ్చినందుకు ముందు సంతోషం వేసింది. తర్వాత ఆమె కళ్లు చూశాను. ఏడ్చిన కళ్లు.

జరిగిందేమిటంటే, వాళ్ల హెడ్మాస్టర్ పద్మనాభ్ సార్‌కు ఈ పుల్లల మీద నమ్మకం లేదు. ఒకటి నుంచి వంద దాకా రోజుకు రెండుసార్లు రాయిస్తే లెక్కలు అవే వస్తాయంటాడు. ఒక్కసారి చూడండి సార్ అని ఈమే బతిమాలి క్లాసుకు పిలిచింది. అనన్య అనే పాపను లేపి, ముప్పై రెండులోంచి ఐదు తీయమంది. పాప మూడు కట్టలు, రెండు విడి పుల్లలు తీసుకుంది. విడివి చాలకపోతే ఒక కట్ట విప్పింది. ఐదు పక్కన పెట్టి, ఇరవై ఎనిమిది అంది. తప్పు, మళ్లీ చెయ్యమంది టీచర్. మూడుసార్లు చేసినా ఇరవై ఎనిమిదే. నాలుగోసారి పాప ఏడ్చేసింది. సార్ లేచి బయటికి వెళ్లిపోయాడు.

బడి వదిలాక ఈమె కట్టలన్నీ విప్పి చూస్తే, ప్రతి కట్టలోనూ పదకొండు.

"నాకైన అవమానం నేను దిగమింగుకుంటా. లెక్క సరిగ్గా చేసిన బిడ్డను నేను తప్పన్నా. ఇప్పుడు ఆ పాప పుల్లలు ముట్టుకోదు. ఒకటెక్కువే ఇస్తామని ఆ రోజే అన్నారు గదా. తమాషాకి చేసినారా?"

కాదని ఎంత చెప్పినా ఆమె వినలేదు. శనివారం సార్ ఆఖరిసారి చూస్తాడట. అప్పుడూ కుదరకుంటే పుల్లలు అటక మీదికి పోతాయి, పిల్లలు వందదాకా రాసుకుంటూ కూర్చోవాలి. ఆ మాట చెప్పి వానలోనే వెళ్లిపోయింది. గొడుగు తెరవడం కూడా మర్చిపోయింది.

నేను మా అమ్మ జీవమ్మ వైపు తిరిగాను. ఆమె తాపీగా చాట అల్లుతోంది.

"నేనే పెట్టినా రా, కట్టకొకటి. కొసరు లేకుండా సరుకు గడప దాటితే మీ తాత ఊరుకుంటాండెనా? అదీ చిన్నపిల్లోళ్లకు పోయే సరుకు."

తల పట్టుకున్నాను. మా అంగట్లో నూరు కొన్నవాడికి ఒకటి, పది కొన్నవాడికి ఒకటి, చేతికి వచ్చింది కలిపి ఇవ్వడం మా వంశాచారం. అందులో తప్పేముందని అమ్మ వాదించింది. పాప ఏడ్చిందని చెప్పాక మాత్రం చేతిలో చాట పక్కన పెట్టింది. శనివారం నేను గూడా వస్తా అంది.

శనివారం క్లాసులో మమ్మల్ని చూసి లూదియా టీచర్ ముఖం తిప్పుకుంది. అమ్మ అదేం పట్టించుకోకుండా పోయి అనన్య ముందు నేల మీద చతికిలబడింది.

"నువ్వు చెప్పిందే కరెక్టు పాపా. పదిలో పదకొండు పెట్టింది నేను. తప్పు నాది."

పాప టీచర్ వైపు చూసింది. టీచర్ నా వైపు చూసింది. కోపమంతా కరిగిపోతున్న ఆ చూపు నేను జన్మలో మరిచిపోయేది కాదు. ఆమె కూడా వచ్చి పాప పక్కన కూర్చుంది.

"నాది గూడా తప్పే. నువ్వు లెక్కపెట్టినావు, నేను పెట్టలేదు" అంది.

టీచర్ మళ్లీ అట్లే కట్టి ఉంచిన కట్టల్లోంచి అమ్మ అదనపు పుల్లలు తీసేయబోతే అనన్య కట్టలు లాక్కుంది. తనే ఒక్కో కట్ట నుంచి ఒక్కో పుల్ల పీకింది. పది కట్టలూ అయ్యాక గుప్పిట్లోవి లెక్కపెట్టుకుంది. ఇంకోసారి లెక్కపెట్టుకుంది. తర్వాత రబ్బరు బ్యాండు కావాలని చెయ్యి చాపింది. నా జేబులో ఉంటే ఇచ్చాను.

"టీచర్, ఇంకో పది వచ్చింది."

పద్మనాభ్ సార్ కుర్చీలోంచి లేచాడు. మొత్తం ఎంతని అడిగాడు. పాప పది కట్టలూ కలిపి పెద్ద కట్ట కట్టించి, పక్కన చిన్న కట్ట పెట్టి, నూట పది అంది.

"బోర్డు మీద రాయి."

నా వీపు మీద పాత బెత్తం దెబ్బ చురుక్కుమంది. లూదియా టీచర్ చున్నీ కొస కొరుకుతోంది. అనన్య పెద్ద కట్టను చూసి ఒకటి వేసింది. చిన్న కట్టను చూసి ఇంకో ఒకటి వేసింది. విడి పుల్లల కోసం నేలంతా వెతికింది. ఒక్కటీ లేదు. సున్నా చుట్టింది.

110.

సార్ బోర్డు దగ్గరికి వచ్చి ఆ అంకె పక్కన టిక్కు పెట్టాడు. ఒకటో తరగతికి కూడా ఇట్లాంటివి పది కట్టలు చేయించమ్మా అన్నాడు.

బస్టాపుకు నడుస్తుంటే వాన మొదలైంది. అమ్మ కావాలనే ముందు నడిచింది. ఒక గొడుగు కింద మేమిద్దరం, ఎవరి భుజం వాళ్లు తడుపుకుంటూ.

"టీచర్, నన్ను అన్నా అనడం మానేసినారు."

"ఆ రోజు కోపంలో మర్చిపోయినా."

"ఇప్పుడు కోపం లేదు గదా?"

"లేదు."

"మరి?"

"ఇంకా గుర్తు రాలేదు" అంది, గొడుగు నా వైపు కొంచెం వంచుతూ.

నేను ఉండబట్టలేక చెప్పేశాను. ఆమె గొడుగు నీళ్లు నా చాటల మీద పడ్డ రోజు నుంచే ఆమెంటే నాకు ఇష్టమని. ఆమె తన బస్సు ఎక్కుతూ, మంగళవారం కట్టలకు వస్తానంది.

వచ్చింది. ఈసారి అమ్మే కూర్చుని లెక్కపెట్టి కట్టింది. పదికి పదే. సంచీ చేతికిస్తుంటే లూదియా నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"కొసరు లేదా అమ్మా?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఉండాడు గదమ్మా, ఆడ నిలబడుకోని. తీస్కపో. నచ్చకుంటే తెచ్చియ్యి."

లూదియా సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తీసుకున్న కొసరు ఎవరన్నా తిరిగిస్తారా అమ్మా?" అంది.