పెన్యో మరిచిపోయిన ఫైలు

ప్లోవ్‌దివ్‌లోని పాత పొగాకు గోదాము మెట్ల మీద మొమ్చిల్ మొదటి కాపలావాడి మెడ విరిచేసరికి, పట్టపగలు పన్నెండుకు ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. రెండోవాడు పిస్టల్ తీసేలోపే కణతలో గుండు దిగింది.

పొద్దున నిఘా విభాగం కల్నల్ చెప్పింది రెండే ముక్కలు. విదేశీ ముఠా సర్వర్లో మన తొమ్మిదిమంది ఏజెంట్ల జాబితా ఉంది. పన్నెండుకు అది హంతకుల ఫోన్లకు వెళ్తుంది. మొదటి పేరు మొమ్చిల్ తమ్ముడు రాద్కోది. వాడికి కబురందే దారి లేదు. కరెంటు తీసేద్దామంటే, ఇంకో ఊళ్లో ఉన్న జంట సర్వర్ ఆ పని అందుకుంటుంది.

తోడుగా జోర్నిత్స వచ్చింది. ఎర్ర కోటు, చూపు తిప్పుకోనివ్వని అందం. ముఠాలో ఆమె మన మనిషని కల్నల్ నమ్మకం.

లోపల సర్వర్ చూసుకునే పెన్యో ఒక్కడే ఉన్నాడు. మొమ్చిల్ వాడి ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కు చితికింది. "జాబితా చెరుపు."

"నా వల్ల కాదన్నా," అన్నాడు పెన్యో రక్తం మింగుతూ. "ఈ కంప్యూటర్లో ఒకదాన్నొకటి ముట్టుకోలేని రెండు గదులు కట్టాను, జైలు గదుల్లాగ. జాబితా ఒకదాన్లో ఉంటుంది, దాని తాళం బాసుది. పంపేది రెండో గది. జాబితా ఉన్న ఫోల్డర్ని లంకె వేసి దీనికి చూపించానంతే. ఇక్కణ్నుంచి చదవొచ్చు, చెరపలేం."

"చూపించకుండా చెయ్యగలవా?"

"అది నా చేతిలో పనే."

పెన్యో ఆ లంకె తెంచాడు. ఇప్పుడక్కడ ఖాళీ ఫోల్డర్ మిగలాలి. కానీ అదే పేరుతో ఒక ఫైలు కనిపించింది. పెన్యో నాలిక కరుచుకున్నాడు. లంకె వెయ్యకముందు, పరీక్ష కోసం ముఠావాళ్ల పేర్లే రాసి ఆ ఫోల్డర్లో పెట్టాడట. పైన లంకె పడేసరికి అది మరుగున పడింది, తీసెయ్యడం మరిచిపోయాడు. పన్నెండుకు ఇప్పుడు అదే వెళ్తుంది.

ఇంకా నలభై సెకన్లు.

"మళ్లీ తగిలించు," అంది జోర్నిత్స. పిస్టల్ మొమ్చిల్ గుండెకు గురిపెట్టి ఉంది.

మొమ్చిల్‌కు ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ మా ఉప్పు తిన్నావు కదే."

"రెండు చోట్లా తిన్నాను. జరుగు."

ఆమె పేల్చింది. గుండు భుజంలోంచి దూసుకుపోయింది. మొమ్చిల్ పడుతూనే ఆమె కాళ్లు లాగేశాడు. ఆమె పాక్కుంటూ కీబోర్డు వైపు చెయ్యి చాచింది. అతను ఆ మణికట్టును బూటు కింద నలిపాడు. ఎముక విరిగింది. ఆమె అరుపు ఆగేలోపే పన్నెండయింది.

ఆమె కోటు జేబులో ఫోన్ మోగింది. ఆమె కూడా హంతకుల్లో ఒకతె మరి. మొమ్చిల్ ఫోన్ తీసి చదివాడు. రాద్కో పేరు లేదు. కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు.

ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

"మొదటి పేరు నీదే. అప్పగించిన పని వాయిదా వెయ్యవని విన్నాను, కానివ్వు."