ముందు మాట్లాడినవాళ్ళు ఓడిపోయే ఆట

ఆ టీవీ గొంతు కాస్త తగ్గించి ఇలా నా పక్కకి రండర్రా. అందులో వస్తున్న ఆట సంగతే చెబుతాను.

నేనూ మా చెల్లీ ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో మాటల్లేకుండా మసిలాం. అది చూసే మీ అక్కకి ఈ ఆట తట్టింది. అలిగిన ఇద్దరు కలిసి వండాలి. ముందు మాట్లాడినవాళ్ళు ఓడిపోయినట్టు. చూసేవాళ్ళకేమో ఎవరో ఒకరు ఓడిపోతే బాగుండుననిపిస్తుంది.

దాన్ని పట్టుకుని ఛానెల్ ఆఫీసుకి వెళ్ళింది. కొత్త ప్రోగ్రాముల ఐడియాలు వినే అబ్బాయి, మీ అక్క నోరు తెరవగానే చెవులు మూసుకున్నాడట!

"చెప్పకండి! ముందు వివరంగా రాసి, మీ పేరున రిజిస్టర్ చేయించి తీసుకురండి."

"మీకు జీతమిచ్చేది వినడానికా, వినకపోవడానికా?"

"మీ మంచికే మేడమ్."

"నా మంచి చూడ్డానికి మా అమ్మమ్మ ఉంది లెండి!"

విసురుగా బయటికొస్తే వాన. గొడుగు అతని దగ్గరే ఉంది. ఆ తర్వాత ఆ గొడుగు ఎన్నో సాయంత్రాలు ఇద్దరికీ సరిపోయింది. అలాంటి ఒక సాయంత్రం మీ అక్క ఆటంతా చెప్పేసింది. ఈసారి అతను చెవులు మూసుకోలేదు.

అదే కొంప ముంచింది. సంబరం పట్టలేక, మీ అక్క పేరుతో సహా పై ఆఫీసరుకి చెప్పాడు. ఆయన ఆటని ఉంచుకుని పేరుని వదిలేశాడు. మొదటి ఎపిసోడ్ చూసిన రోజే మీ అక్క అతనితో మాట మానేసింది.

ప్లీడరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"ఉత్త ఐడియాకి చట్టం కాపలా కాయదమ్మా" అందావిడ. "నువ్వు అమ్మడానికి చెప్పావు, అతను ఆఫీసు తరఫున విన్నాడు అంటే కేసు నిలబడొచ్చు. కబుర్లలో చెప్పుంటే ఇక ఆశ లేదు."

పిలవకుండానే అతనూ వచ్చాడు. "ఆఫీసు పనిమీదే విన్నానండీ. సాక్ష్యం చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ."

మీ అక్క తలెత్తలేదు. ప్లీడరమ్మతోనే అంది: "అబద్ధమండీ. ఆ రోజు ఆయన ఆఫీసు మనిషి కాదు. అయ్యుంటే నేను చెప్పేదాన్నే కాదు."

కేసు అక్కడే చచ్చిపోయింది. సాక్ష్యానికి సిద్ధపడ్డాడని ఆఫీసులో తెలిసి, అతని ఉద్యోగమూ ఆ వారమే ఊడింది.

ప్లీడరమ్మని కలిసిన ఆ రోజే, కిందకి దిగితే మెట్ల దగ్గర వాన. ఈసారి గొడుగు లేదు. చెరో గోడకీ ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి అతనే అన్నాడు:

"నేనే ముందు మాట్లాడాను. ఓడిపోయాను."

మీ అక్క భోరుమంది. "నీకంటే ముందే ఓడిపోయాన్రా నేను. ఆ గొడుగు కిందే."

అతన్ని మీరిప్పుడు బావా అని పిలుస్తున్నారు. ఆ ఆట మాత్రం మీ అక్క చేతికి తిరిగి రాలేదు. టీవీలో అది వచ్చినప్పుడల్లా గదిలోంచి లేచిపోతుంది, చూశారుగా.

టీవీలో ఎవరి పేరైనా వేసుకోనీ. చట్టం కాయనిదాన్ని మీరు కాయండి. ఎవరడిగినా, ఎక్కడడిగినా, ఈ ఆట మా అక్కదని చెప్పండర్రా.