నైవాషా నీళ్ళ మీద నురుగురాయి

"ఏయ్! అది పడేశావేంటి!"

ముగురె కేక నైవాషా సరస్సు అవతలి గట్టుదాకా వినపడి ఉంటుంది. కాలికి అడ్డమొస్తోందని నల్లరాయిని నీళ్ళలోకి విసిరేసిన ఒగోలా నోరు తెరుచుకుని ఉండిపోయాడు. టూరిస్టులకు హిప్పోల్ని చూపించే పడవవాడు. రాళ్ళ కోసం పడవెక్కే పిల్లని అతనెప్పుడు చూశాడు గనక!

"రాయే కదా మేడమ్! ఇంకోటి ఏరిస్తాలెండి."

"రాయే కదానా? దానికోసం కొండెక్కి దిగాను!"

నైరోబీ నుంచి జియాలజీ చదువు మీద వచ్చింది ఆమె. తప్పు దిద్దుకుందామని మర్నాటి నుంచి ఒగోలా కూడా కొండెక్కాడు. ఎక్కి, దిగడం మర్చిపోయాడు పాపం.

ఓ మధ్యాహ్నం సన్నగా వాన. పడవలో టార్పాలిన్ కింద ఇద్దరూ. ఆమె చేతుల్లో అతను ఏరిచ్చిన రెండు రాళ్ళు.

"రెండూ ఒకే కొండవి, ఒకే లావా. గ్యాస్ పెద్దగా లేని లావా, స్ఫటికాలు కట్టే తీరిక లేకుండా బిగుసుకుపోతే ఈ నల్ల గాజురాయి. అదే లావా గ్యాసుతో పొంగి, ఎగిరిపడి చల్లారితే ఈ నురుగురాయి. దీని లోపలంతా గాలి గదులే."

"అయితే నేను నురుగురాయి, మీరు గాజురాయి."

"గాలి మనిషివని నీకే తెలుసన్నమాట!"

"మీరేమో నల్లగా మెరుస్తారు. అంచు తగిలితే రక్తమే!"

ఆమె నవ్వు ఆపుకుంది. కనురెప్ప మీద ఒక్క వాన చుక్క ఆగింది. అంతే, ఒగోలా నోరు ఆగలేదు.

"వెళ్ళిపోకండి మేడమ్. నన్ను పెళ్ళి చేసుకోండి."

ముగురె రాళ్ళు రెండూ సంచిలో పడేసి జిప్ లాగింది. "ఆదివారం బస్సెక్కుతున్నా. ఆలోపు నువ్వు తెచ్చిన రాయి నీళ్ళ మీద తేలితే చేసుకుంటాలే!"

చదువుకున్న పిల్ల మాట జారిందని ఒగోలా మనసులోనే ఎగిరి గంతేశాడు. అన్యాంగో అత్త మడమలు తోముకునే రాయి బకెట్లో తేలడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు కదా!

ఆదివారం పొద్దున సరస్సు మీద మంచు తెరలు. ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చిన ఒగోలా అత్త రాయిని మెల్లగా నీళ్ళలో వదిలాడు.

బుడుంగున మునిగింది.

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అత్త బకెట్లో తేలేది..." మునిగిన చోటు నుంచి చూపు తిప్పుకున్నాడు. "బస్సు టైమైంది. వెళ్ళిరండి మేడమ్."

"దాన్నేం చేశావ్?"

"మీకు చూపించే రాయికి అత్త మడమల మురికి ఉంటే బాగుండదని, ఆ రోజు నుంచీ సబ్బునీళ్ళలో నానబెట్టా."

ముగురె పడవ అంచు పట్టుకుని పడిపడి నవ్వింది. "గాలి గదుల్లో నీళ్ళు నిండితే మునగదా! పాఠం వినకుండా నా మొహం చూస్తూ కూర్చున్నావ్."

"అవును."

ఆ ఒక్క మాటకి ఆమె నవ్వు ఆగిపోయింది. సంచి తెరిచి, మెడగుడ్డలో చుట్టిన నురుగురాయిని తీసింది. ఆ వానరోజుదే.

"నువ్వు ఏరిచ్చిందే. ఏదో ఒకటి చెడగొడతావని పొడిగా దాచా."

నీళ్ళ మీద వదిలింది. రాయి అలలమీద ఊగుతూ ఇద్దరి మధ్యా తేలింది. దూరాన రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ఒగోలాకి నమ్మకం కుదరలేదు.

"మేడమ్, బస్సు..."

"ఇంకోటి వస్తుంది. ముందు మీ అత్తకి కొత్త రాయి ఇవ్వాలి పద. ఇంకోసారి మేడమ్ అన్నావంటే మాత్రం నిన్నే ముంచుతా."