కాదు నొక్కిన వేలు

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కలపడం ఆవిడ పని. కుడిచెయ్యి పడిపోయి మళ్ళీ సగం లేచినప్పటి నుంచి ఎడమచేత్తో కలుపుతోంది. చెంచా గ్లాసుకి తగిలే చప్పుడు ఎక్కువైంది, రుచి మాత్రం మారలేదు. చప్పుడు గురించి ఇంట్లో ముగ్గురూ అన్నారు. రుచి గురించి ఒక్కరూ అనలేదు. ఇళ్ళల్లో అంతే.

ఆవిడ దర్జీ. వీధివైపు గదే ఆవిడ కొట్టు. మిషను, అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికో బల్ల, అన్నీ ఆ గదిలోనే. భర్త డ్రైవింగ్ నేర్పుతాడు. క్లచ్చేదో బ్రేకేదో తెలియనివాళ్ళ పక్కన రోజంతా కూర్చుని "కంగారుపడకండి, మెల్లగా" అంటుంటాడు. కొడుకు ఫోన్లు బాగుచేస్తాడు. కూతురిది ఫిజియోథెరపీ చదువు, ఆఖరి ఏడాది. నడక మరిచిన రోగులకి మళ్ళీ నడక నేర్పే పని. మొత్తానికి ఓర్పు అమ్ముకుని బతికే కుటుంబం. బయట అమ్మేశాక ఇంటికి మిగిలేది కాస్త తక్కువ.

"నిన్న నెట్ పోలేదండీ," అంది ఆవిడ, గ్లాసు ఆయన ముందు పెడుతూ. "నన్ను ఓటేసి పంపించారు."

ఆయన కాఫీ ఊదుకోవడం మానేశాడు.

ఈ ఓటు సంగతి తెలియాలంటే ఆట సంగతి చెప్పాలి. అసలు ఆ ఇల్లు పుట్టిందే ఆటలోంచి. పాతికేళ్ళ కిందట, ఊళ్ళో ఇంటర్‌నెట్ సెంటరుకి వెళ్ళి ఆడేవాళ్ళు. వేలమంది ఒకే లోకంలో తిరిగే ఆట అది. ఒకడు కత్తివాడు, ఒకడు విలుకాడు, ఒకరు గాయాలు మాన్పే వైద్యురాలు. ఒంటరిగా ఊరి పొలిమేర దాటితే తోడేళ్ళు పీక్కుతినేవి. దారి తెలియకపోతే సాటి మనిషిని అడగాల్సిందే. వైద్యురాలి శక్తి నిండేదాకా జట్టంతా కింద కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా, కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అందరూ "సిద్ధం" అన్నాకే అడుగు పడేది. పొగరుబోతు వేషాలేసినవాడి పేరు మర్నాటికల్లా లోకమంతా పాకేది, ఇక వాణ్ణి ఏ జట్టూ గడప తొక్కనిచ్చేది కాదు.

ఆవిడ వైద్యురాలు. ఆయన కత్తివాడు, అదీ కత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియని కత్తివాడు. ఆ కబుర్లే పెళ్ళిదాకా వచ్చాయి. ఇంట్లో కూడా అదే ఆచారం పెట్టుకున్నారు. నలుగురూ కంచాల ముందు కూర్చుని "సిద్ధం" అంటేగాని ఎవరూ ముద్ద నోట్లో పెట్టేవారు కాదు. చూసి చుట్టాలు నవ్విపోయేవారు.

ఇప్పుడు ఆట పేరు అదే. పేరొక్కటే అదే. నేలమీద మెరిసే గీత కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని పరుగెత్తడమే. మీట నొక్కితే ఆటే ముక్కూమొహం తెలియనివాళ్ళని ఒక జట్టుగా కూర్చి తోస్తుంది. పలకరింపులు లేవు. రాక్షసుడు చచ్చాక ఎవరి దారి వారిది. డబ్బు పెడితే గుర్రాలు దొరుకుతాయి. ఓపిక లేకపోతే ఆటలో మన మనిషిని తనంతట తానే ఆడుకోమని వదిలేసి పడుకోవచ్చు. జట్టులో ఎవరైనా బరువనిపిస్తే ఓటు పెట్టచ్చు. ఐదుగురిలో మిగతా నలుగురూ నొక్కుతారు. మూడు "అవును"లు పడితే ఆ మనిషి మాయం. ఎవరేం నొక్కారో ఆట చెప్పదు, లెక్క మాత్రం చూపిస్తుంది.

నిన్న సాయంత్రం "రా అమ్మా, వేళ్ళకి వ్యాయామం" అని పిల్లలే ఆవిణ్ణి ఆటలోకి లాగారు. నలుగురూ ఎవరి గదిలో వాళ్ళు కూర్చున్నారు. ఐదోవాణ్ణి ఆటే తెచ్చి పెట్టింది. వాడి పేరు తాబేలు. గడువులోగా రాక్షసుణ్ణి చంపితే బంగారు జూలు గుర్రం వస్తుంది. ఆవిడ చెయ్యి ఆలస్యమైంది, కొడుకు రెండుసార్లు చచ్చాడు. ఉన్నట్టుండి ఆవిడ తెర నల్లబడింది. "జట్టు మిమ్మల్ని తొలగించింది. కారణం: ఉపయోగం లేదు. అవును: మూడు. కాదు: ఒకటి." ఆవిడ ఇంకా చదువుతుండగానే గోడ అవతల నుంచి కేకలు వినిపించాయి. గుర్రం వచ్చింది.

భోజనాల దగ్గర "నెట్ పోయిందా అమ్మా?" అని కూతురు అడిగింది. "పోయినట్టుంది" అంది ఆవిడ. అప్పటికే కొడుకు కంచం సగం ఖాళీ. ఆ ఇంట్లో "సిద్ధం" అనడం ఎప్పుడు మానేశారో ఆవిడకి గుర్తు రాలేదు.

"పిల్లలే పెట్టుంటారు," అన్నాడాయన ఎట్టకేలకి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే. "నేను మాత్రం 'కాదు' నొక్కాను. నిన్ను నేను తీసేస్తానా?"

"తీసెయ్యరు లెండి. కాఫీ చల్లారిపోతోంది."

కొడుకు పెరట్లో చిన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. సెలవు రోజున అంత పొద్దున్నే గడ్డం గీసుకోడం చూసి ఆవిడ కాస్త ఆశ్చర్యపోయింది.

"నిన్న నువ్వేం నొక్కావురా?"

బ్లేడు చెంపమీద ఆగింది. "నాన్నో చెల్లో పెట్టారమ్మా. నేను 'కాదు' నొక్కా. ఒట్టు."

"ఒట్టెందుకురా, నమ్మనా?"

కూతురు రబ్బరు బంతి పట్టుకొచ్చి ఆవిడ కుడి అరచేతిలో పెట్టింది. "పిండు. ఇంకాస్త. అబ్బా, ఎంత నెమ్మదమ్మా! ఆస్పత్రిలో తాతగార్లు నీకన్నా నయం."

"నిన్న నువ్వేం నొక్కావే?"

"కాదు అనే. అన్నయ్య సంగతి నీకు తెలుసుగా, గుర్రమంటే వాడికి ప్రాణం."

ఆవిడ బంతిని ఇంకోసారి పిండింది. ఈసారి వేళ్ళు బాగానే ముడుచుకున్నాయి.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. చెవి వెనక పెన్సిలు, చేతిలో టేపుతో ఒకతను. వడ్రంగి.

"కొలతలకొచ్చానమ్మా. అబ్బాయిగారు మధ్యాహ్నం రమ్మన్నారు గానీ, ఇటే పనుండి ముందే వచ్చేశా. ఇక్కడ ఫోన్ల కౌంటరు, ఆ గోడకి అద్దాల బీరువాలు. ఈ మిషను తీసేస్తారటగా? అయితే ఈ మూల కూడా కలిసొస్తుంది."

ఆవిడ మెడలోనూ టేపే ఉంది. పాతికేళ్ళుగా ఊరందరినీ కొలిచిన టేపు. తన గదిని ఇంకొకడు కొలుస్తుంటే ఆవిడ వెళ్ళి రెండో కొస పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోనా బాబూ? నా చెయ్యి కాస్త వదులు."

గొంతు విని ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. వడ్రంగి ఆ మొహాలు చూసి, టీ తాగొస్తానని మర్యాదగా జారుకున్నాడు.

"చెబుదామనే అనుకున్నామే," అన్నాడాయన. "నిన్న ఆటయ్యాక, నువ్వు కాస్త సరదాగా ఉన్నప్పుడు..."

"ఓహో. గుర్రం ఎక్కించి మిషను లాక్కుందామని."

"నీ మంచికేనమ్మా," అంది కూతురు. "ఆ చేత్తో చొక్కా కుట్టడానికి వారం పడుతోంది. నీకు విశ్రాంతి కావాలి."

"విశ్రాంతి కావాలని నేనన్నానా?"

కొడుకు ముందుకొచ్చాడు. గడ్డం సగమే గీసుంది. "నిజం చెప్పనా? మొన్న టీచరుగారి చొక్కా చంకలో వంకర పోయింది. నీ మొహం చూసి ఆయనేం అనలేదు, బయటికొచ్చాక నాతో అన్నారు. జనం జాలిపడి వస్తున్నారమ్మా. ఇక్కడ కొట్టు నడవట్లేదు, జాలి నడుస్తోంది."

ఆవిడ మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"కారణం: ఉపయోగం లేదు," అంది మెల్లగా. "నిన్న తెరమీదా అదే రాసుంది."

"ఆటనీ దీన్నీ ముడిపెడతావేంటి?" అన్నాడాయన. "అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటే. రెండుచోట్లా అదే ముగ్గురు."

"నేను 'కాదు' నొక్కాను!"

ఆ మాట మూడు నోళ్ళలోంచి ఒక్కసారే వచ్చింది. వచ్చాక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉన్నది ఒక్క 'కాదు'," అంది ఆవిడ. "ముగ్గురికీ ఎలా పంచను? గుడ్డయితే కత్తిరించి ఇచ్చేదాన్ని."

లాప్‌టాప్ తెరిచింది. రాత్రి వచ్చిన కబురు ఒకటి అందులో ఉంది. పైకి చదివింది, కళ్ళజోడు సర్దుకుంటూ, తొందర లేకుండా.

"'వైద్యురాలుగారూ, నేను తాబేలుని. మీరు మందు ఆలస్యంగా వేసినా అవసరమైనవాళ్ళకే వేశారు. నేను కాదు నొక్కాను. మిగతా ముగ్గురూ ఒక గుంపులా ఉన్నారు, నా మాట చెల్లలేదు. పాత లోకం మళ్ళీ తెరిచారట, వస్తారా?'"

లాప్‌టాప్ మూసింది.

"నాకు రాత్రే తెలుసు. తెలిసే అడిగాను, ఒక్కొక్కర్నీ విడివిడిగా. ఒక్కరైనా 'నేనే తీసేశానమ్మా, గుర్రం మీద ఆశ పుట్టింది' అంటారేమోనని చూశాను. అని ఉంటే ఈ కొట్టు తాళం ఆ మనిషి చేతిలో పెట్టేసేదాన్ని. నిజం. ఇక నావల్ల కాదని నాకూ అనిపిస్తూనే ఉంది."

కొడుకు తల దించుకున్నాడు. కూతురు ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ వాళ్ళని చూడలేదు, ఆయన వైపు తిరిగింది. పెళ్ళయ్యాక ఆయన్ని "మీరు" అని తప్ప పిలవలేదు. ఎవరో ఏమిటో తెలియని ఆట రోజుల్లో మాత్రం "నువ్వు" అనేది.

"నువ్వు ఆ వాగు దగ్గర ఎన్నిసార్లు చచ్చావో గుర్తుందా?"

ఆయన చెయ్యి చాచి బల్ల అంచు పట్టుకున్నాడు.

"తోడేళ్ళు నిన్ను తినడం, నేను లేపడం. నువ్వు లేవడం, అవి మళ్ళీ తినడం. జట్టంతా నన్ను తిట్టింది, ఆ దద్దమ్మని వదిలేసి రమ్మంది. నా శక్తి నిండేదాకా నీ శవం పక్కన కూర్చున్నాను. వాళ్ళు నన్నొదిలి వెళ్ళిపోయారు. అప్పుడు ఈ ఓటు లేదు. ఉండుంటే నాదొక్కటే 'కాదు' పడేది, నువ్వు పోయేవాడివి. ఈ ఇల్లూ ఉండేది కాదు, నన్ను తీసెయ్యడానికి వీళ్ళిద్దరూ ఉండేవాళ్ళు కాదు."

ఆయన వచ్చినవాళ్ళు కూర్చునే బల్లమీద కూలబడిపోయాడు. రోజంతా పరాయివాళ్ళకి "మెల్లగా" అని చెప్పే నోటిని చేత్తో మూసుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. తనకీ ఏడుపొచ్చింది, కానీ ఆ పూట దాన్ని వాళ్ళకి ఇవ్వదలచుకోలేదు.

"ఆ వడ్రంగికి ఫోన్ చేసి వద్దని చెప్పు," అంది కొడుకుతో. "టీచరుగారి చొక్కా వెనక్కి తీసుకురా, విప్పి కుడతాను. పొద్దుటి నుంచి నువ్వు చెప్పిన నిజం అదొక్కటే. ఏమే, ఏడుపాపి ఆ బంతి ఇటివ్వు. నా వ్యాయామం సగంలో ఉంది."

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఒళ్ళో ఆ చొక్కా ఉంది, పక్కన తెరమీద పాత లోకం ఉంది. పాత ఆటగాళ్ళ గోల భరించలేక కంపెనీవాళ్ళు దాన్ని విడిగా తెరిచారు. అక్కడ గీతల్లేవు, అమ్మకానికి గుర్రాల్లేవు, ఓటు లేదు. ఎంతటివాడైనా వట్టిచేతులతో మొదలుపెట్టాలి. చచ్చినవాణ్ణి వైద్యురాలు వచ్చి లేపాలి, లేదంటే ఉన్నదంతా పోగొట్టుకుని మళ్ళీ మొదటి ఊరి నుంచి నడిచి రావాలి. వారం నుంచి తాబేలూ ఆవిడా అక్కడ తిరుగుతున్నారు. నాలుగడుగులు వేస్తారు, కూర్చుంటారు. తాబేలుకి అవతల ఏ వయసో, ఏ పనో ఆవిడ అడగలేదు.

లోపలి గదుల్లోంచి అరుపులు వినిపించాయి. "అయ్యో, అటు కాదు నాన్నా!" "దారెటో ఎవర్నైనా అడగరా!" తరవాత చప్పుడు లేదు.

ఆవిడ చంక కుట్టు పూర్తిచేసి, దారం పంటితో తెంపి, అప్పుడు తెర చూసింది. వాగు ఒడ్డున మూడు శవాలు పక్కపక్కనే పడున్నాయి. వట్టిచేతులు, మొదటి ఊరి బట్టలు. తోడేళ్ళు అప్పుడే వెళ్ళినట్టున్నాయి. వాళ్ళ మాటలు తెర అడుగున ఒక్కొక్కటే వచ్చాయి.

"సిద్ధం," అని ఆయన.

"సిద్ధం," అని కూతురు.

"సిద్ధం అమ్మా. గుర్రాన్ని అమ్మేశా," అని కొడుకు.

చచ్చిపడున్నవాళ్ళు దేనికి సిద్ధమో! ఆవిడకి కళ్ళు మసకబారాయి, నవ్వూ వచ్చింది. తాబేలుతో కలిసి వాగు దాటి, మూడు శవాల పక్కన తీరిగ్గా కూర్చుంది.

"ఎవరు వీళ్ళు?" అని తాబేలు అడిగాడు. "నీకు తెలుసా?"

ఆవిడ చొక్కా పక్కన పెట్టి, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే చాచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కింది.

"మావాళ్ళే. కాసేపు పడుండనీ."