బట్టీ మలుపు సన్యాసమ్మ

కాశీబుగ్గ నుంచి సుమ్మాదేవి వైపు వచ్చే రోడ్డులో, రైలు గేటు దాటాక ఒక మలుపుంది. ఆ మలుపులో జీడిపిక్కలు కాల్చే పాత బట్టీ మూతబడి ఉంది. పొద్దు వాలాక అటు వెళ్ళాలంటే, మీసాలు మెలేసే మగవాళ్ళకి కూడా ఉన్నట్టుండి ఇంట్లో ఏదో పని గుర్తొస్తుంది… రేపు వెళ్ళొచ్చులే అనిపిస్తుంది.

బట్టీ మూసి పదేళ్ళు దాటింది. వాన కురుస్తున్న ఒక సాయంత్రం, అందులో పనిచేసే సన్యాసమ్మ తడిచేత్తో మోటారు స్విచ్ వేయబోయి అక్కడికక్కడే పోయింది పాపం. అప్పటినుంచి ఆవిడ అక్కడే తిరుగుతోందని అంటారు. నాకు చెప్పినవాళ్ళు చెప్పినట్టే చెబుతున్నాను, నావి అంటూ రెండు మూడు మాటలు కలిస్తే కలిసి ఉంటాయి.

ఈ దెయ్యం పద్ధతే వేరు. తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు, మల్లెపూల వాసన అసలే లేదు. మలుపులోకి రాగానే… బుర్ర లోపల, సరిగ్గా రెండు చెవుల మధ్య… జుయ్‌మని ఒక్క షాకు! అంతే. కరెంటుతో పోయిన మనిషి కరెంటే పంచుతోందని జనం తీర్మానించేశారు.

ఏ తాగుబోతో చెప్పి ఉంటే ఊరు నవ్వి ఊరుకునేది. మొదట తగిలింది పోతురాజు మాస్టారికి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఈల వేస్తే పిల్లలే కాదు, రోడ్డు మీద ఆవులు కూడా ఆగేవి. అలాంటాయన సైకిలు తుప్పల్లో పడేసి, ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ ఒక నియమం పెట్టాడు.

"మలుపులో ఎవులూ బట్టీ ఏపు మొకం తిప్పకండ్రా! తిప్పితే పట్టేత్తాది!"

తర్వాత మరికొందరికీ తగిలిందన్నారు. ఆ దారిన వెళ్ళేవాళ్ళెవరూ ఇప్పటికీ మొహం తిప్పరు. మెడ బిగబట్టి, ముక్కుసూటిగా పోతారు. అయితే చూడకుండా ఉండగలరా? కళ్ళు మాత్రం ఓరగా తిప్పి, బట్టీని ఒక్కసారి చూసి మరీ పోతారు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

ఇక సూర్యకుమారి సంగతి. తిత్లీ తుఫానుకి ముందు ఆ ఇంటికి రెండెకరాల కొబ్బరి, ఎకరం జీడితోట ఉండేవి. ఒక్క రాత్రిలో అన్నీ పడుకున్నాయి. ఆ తర్వాత మామగారికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తిప్పినా ఆయన దక్కలేదు. సూర్యకుమారి కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే షెడ్డులో పనికి చేరి, ఒక పాత స్కూటీ కొనుక్కుని, ఇంటిని నిలబెట్టింది. అన్నీ తట్టుకున్న మనిషి, ఒకనాడు పొయ్యి దగ్గర కూర్చుని మూడు గంటలు లేవలేకపోయింది. మరునాడూ అంతే. టెక్కలిలో డాక్టరమ్మ దిగులు తగ్గడానికి మాత్రలు రాసింది. రెండేళ్ళు వాడింది. మనిషి మళ్ళీ మనిషయింది, నవ్వింది, అత్తతో పోట్లాడింది కూడా.

ఆ అత్త పోలమ్మ ఒకరోజు మాత్రల అట్ట చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఒలే సూరీ, బాగైపోనావు గదేటి. ఇంకా ఈ మాత్రలేటి? మీ మావ ఇలగే గుప్పిళ్ళు గుప్పిళ్ళు మింగి కిడ్నీలు పోగొట్టుకున్నాడు. మళ్ళీ ఆ మిసను పక్కన నాను కూకోలేనే తల్లీ…"

ఇంటింటా కిడ్నీ రోగులుండే ఉద్దానంలో ఈ మాటకి ఎదురుండదు. అక్కడ మాత్ర అంటే జబ్బు కన్నా ఎక్కువ భయం. పోలమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసి సూర్యకుమారికీ గుండె జారింది. మిగిలిన నాలుగు అట్టలూ మొగుడు బాబూరావు చేతిలో పెట్టింది.

"ఎక్కడన్నా పారేసి రా బావా."

బాబూరావు వాటిని చొక్కా జేబులో వేసుకుని వెళ్ళాడు. డాక్టరమ్మని అడగాలని ఎవరికీ తోచలేదు.

రెండు రోజులు బాగానే ఉంది. మూడోనాటి రాత్రి కలలో మామగారు కొబ్బరిచెట్టు మీద కూర్చుని, విరిగిన పప్పూ గుండు పప్పూ కలిపేశావని ఆమెని పేరుపెట్టి తిట్టాడు. ఆయన చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా వచ్చింది కల. నాలుగోనాడు షెడ్డులో ఊరికే ఏడుపొచ్చింది. పని ముగించుకుని బయల్దేరేసరికి చీకటి పడింది.

రైలు గేటు దాటింది… మలుపు దగ్గరపడింది…

స్కూటీ లైటు వెలుగులో బట్టీ గొట్టం నల్లగా లేచింది. మెడ బిగబట్టింది. మొహం తిప్పలేదు. కళ్ళు మాత్రం — మెల్లగా — ఓరగా —

జుయ్!

బుర్రలో ఎవరో తీగ ముట్టించినట్టయింది. కళ్ళకి చీకట్లు కమ్మాయి. స్కూటీ ఊగిపోయింది. ఎలా ఆపిందో తెలీదు, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది. చుట్టూ చప్పుడు లేదు. బట్టీ తలుపు కిర్రుమంది. భయపడి అటు కళ్ళు తిప్పింది…

జుయ్! జుయ్!

"సన్యాసమ్మత్తా… నానేటి సేసేను…" అని గొణుక్కుంటూ స్కూటీని ఊళ్ళోకి పరుగెత్తించింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. సన్యాసమ్మ వెనకాలే వచ్చేసింది! వంట చేస్తుంటే పోలమ్మ అరుగు మీంచి "ఒలే" అంటుంది, సూర్యకుమారి కళ్ళు అటు తిప్పుతుంది, జుయ్! పోలమ్మ మళ్ళీ "ఏటే పలకవు" అంటుంది, మళ్ళీ జుయ్! అత్త పిలిచినప్పుడల్లా షాకు కొట్టడం లోకంలో కొత్తేమీ కాదు గానీ, ఇది నిజంగా కొడుతోంది. నేల పడవలా ఊగుతోంది. నిద్ర లేదు. పక్కనేమో బాబూరావు గుర్రు. తుఫాను అయిన దగ్గర్నుంచీ రాత్రిళ్ళు పెరట్లో తిరిగే మనిషి, సరిగ్గా ఇప్పుడే ఇంత హాయిగా గుర్రు పెట్టాలా అని ఒళ్ళు మండింది ఆమెకి.

మనసులో మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. దెయ్యమైతే నయం. అది కాకపోతే, తనకి పిచ్చెక్కుతున్నట్టే. ఆ రెండో సంగతికే ఎక్కువ భయపడింది.

పిలిచినప్పుడల్లా కోడలు తల పట్టుకోవడం రెండు వారాలు చూసి, ఇది సన్యాసమ్మ పనేనని పోలమ్మ బారువలో ఉండే భూతవైద్యుడు పోలారావుకి కబురు పెట్టింది. అమావాస్య నాడు నడివీధిలో ముగ్గేసి, వేపమండలతో కొట్టి దించాలని మాట. ఒకసారి అలా కూర్చున్న ఆడమనిషికి ఆ పేరు పోదు. చచ్చేదాకా 'దెయ్యం పట్టిన సూరి' అనే పిలుస్తారు. షెడ్డులో ఆమె పక్కన కూర్చోవడానికి కూడా జంకుతారు.

పోలారావు ముందురోజే వచ్చాడు. అందరినీ బయటికి పంపి తలుపేశాడు. నిమ్మకాయ కోశాడు. విభూతి చల్లాడు. పెద్దగా నాలుగు కేకలేశాడు. తర్వాత వంగి, చెవి దగ్గర గుసగుసగా అడిగాడు.

"మాత్రలేవన్నా… ఉన్నపలంగా ఆపేసినావేటమ్మా?"

ఈ మాట ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు.

"నీకెలగ తెలుసు?"

"నెమ్మదిగా… మా తమ్ముడికి ఇలగే బుర్రలో కొట్టీది. డజన్ల కొద్దీ నిమ్మకాయలు కోసీసేను. దిగలేదు. టెక్కలి డాక్టరమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. నువ్వూ అక్కడికే ఎల్లు. సన్యాసమ్మ ఇంతమందిని పట్టుకునీ ఓపికున్న మనిషి కాదు తల్లీ, నానెరుగుదును."

అని తలుపు తీసి, ఊరంతా వినేలా అరిచాడు.

"ఇది నా సేతి దెయ్యం కాదు పోలమ్మా! దక్షిణం దిక్కుది! టెక్కలి పొలిమేర దాటిత్తే గాని దిగదు! రేపే తీసుకెల్లాల!"

వచ్చిన పని కాకపోయినా, బలికని తెచ్చిపెట్టిన కోడిని మాత్రం వదలకుండా చంకలో పెట్టుకుని పోయాడు.

మరునాడు బాబూరావు స్కూటీ మీద టెక్కలి తీసుకెళ్ళాడు. తను లోపలికి రానని బయట టీకొట్టు దగ్గర ఉండిపోయాడు. సూర్యకుమారి లోపలికెళ్ళి కూర్చుంది. ఎదుటి బెంచీ మీద ఒక పెద్దమనిషి తువ్వాలు తలకీ మొహానికీ చుట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు. అంత జాగ్రత్తపడినా, మీసాలు మాత్రం తువ్వాలుకి రెండువైపులా బయటికొచ్చేశాయి.

"మాస్టారూ…?"

పోతురాజు మాస్టారు ఉలిక్కిపడ్డాడు. గోడ మీద 'మానసిక వైద్యం' అని అరచెయ్యంత అక్షరాలున్నాయి. ఆయన దవడ పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"పన్ను నొప్పమ్మా."

సూర్యకుమారి ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తనూ దవడ పట్టుకుంది.

"నాకూ పన్నే, మాస్టారూ."

డాక్టర్ ఝాన్సీలక్ష్మి అంతా విని, తిట్టలేదు. "ఈ మందు ఒక్కసారిగా ఆపితే కొంతమందికి ఇలా అవుతుంది. అలవాటైన మందు అందక మెదడు గొడవ చేస్తుంది. కలలు, ఏడుపు, నేల ఊగడం. బుర్రలో షాకులు కూడా, అందులోనూ కళ్ళు పక్కకి తిప్పినప్పుడు మరీ. ఇది పిచ్చి కాదమ్మా."

"కళ్ళు… పక్కకి తిప్పినప్పుడా?"

"అవును. ఏం?"

మెడ బిగబట్టి, కళ్ళు ఓరగా తిప్పుకుంటూ మలుపు దాటే ఊరు ఊరంతా ఆమె కళ్ళ ముందు కనిపించింది. మొదట నవ్వొచ్చింది. ఆపుకోలేక పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. పదిహేను రోజులుగా మోసిన బరువు దిగింది మరి.

డాక్టరమ్మ మాత్ర మళ్ళీ మొదలుపెట్టించింది. నెలకోసారి చూసి కాస్తకాస్త తగ్గిద్దామని, ఆరు నెలలు పట్టినా ఏడాది పట్టినా తొందరపడొద్దని చెప్పింది. కిడ్నీ పరీక్ష కూడా చేయించి, బాగున్నాయని కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితాన్ని పోలమ్మ దేవుడి పటం వెనకాల దాచుకుంది.

తిరిగొచ్చే దారిలో సూర్యకుమారి మొగుడికి అంతా చెప్పింది. "సన్యాసమ్మ కాదు బావా, మాత్రే!" అంది. బాబూరావు ఊఁ అని, ఒక చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు.

నాలుగైదు రోజుల్లో షాకులు ఆగాయి. నెల తిరిగింది. మళ్ళీ టెక్కలి వెళ్ళి, మోతాదు మొదటిసారి కాస్త తగ్గించుకుని వస్తున్నారు. బాబూరావు నడుపుతున్నాడు, ఆమె వెనక కూర్చుంది. ఎండ పోయి మసక పడింది. రైలు గేటు దాటారు.

మలుపు.

ఆమె ఈసారి మెడ బిగబట్టలేదు. మొహం మొత్తం తిప్పి, బట్టీని తలుపు నుంచి గొట్టం దాకా తీరిగ్గా చూసింది. ఏమీ లేదు. తలుపు వేలాడుతోంది, గుమ్మంలో ఎవరిదో మేక పడుకుంది. పాపం సన్యాసమ్మ, చెయ్యని పనికి ఇన్నాళ్ళూ మాటపడింది అనుకుంది.

అప్పుడే — స్కూటీ గట్టిగా ఊగింది.

బాబూరావు బ్రేకు వేశాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వీపంతా చెమట.

"ఏటయింది బావా?"

"సూరీ… ఉంది… సన్యాసమ్మ… ఉన్నాది. ఇప్పుడే… బుర్రలో…"

సూర్యకుమారికి ఒక్క క్షణం నిజంగానే వెన్ను చల్లబడింది. ఈయన ఏ మందూ వాడడు కదా! మరైతే… మేక లేచి నిలబడి వాళ్ళనే చూస్తోంది.

తర్వాత ఆమెకి గుర్రు గుర్తొచ్చింది. మూడు నాలుగు రోజులుగా ఆ గుర్రు వినబడటం లేదని గుర్తొచ్చింది.

మెల్లగా అడిగింది.

"బావా… ఆ నాలుగు అట్టలు ఎక్కడ పారేసినావు?"

బాబూరావు చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది.

"అయిపోయి ఎన్ని రోజులయింది?"

"…నాలుగు." అతను తల ఎత్తలేదు. "పారేద్దామనే ఎల్లేను సూరీ. తోట పోయిన కాడ్నించి నాకూ కన్ను మూతపడదు. నీకా, అమ్మకా… ఎవులికి సెప్పను? ఒక్కటి మింగి సూద్దామనుకున్నాను…"

ఇన్నేళ్ళూ పెరట్లో అతను ఒక్కడే తిరిగిన రాత్రులన్నీ ఆమెకి కనబడ్డాయి. తిట్టాలనిపించింది. ఏడుపొచ్చింది. తుఫానుకి విరిగిన ఆ కొబ్బరి మోడుల మధ్య తిరుగుతుంటే ఒక్కసారైనా వెళ్ళి ఏమయిందని అడగలేదని తన మీద తనకే కోపమొచ్చింది. అతని వీపు మీద చెయ్యేసింది.

"దిగు," అంది తర్వాత. "బండి నాను నడుపుతాను."

"ఎక్కడికి?"

"టెక్కలికి. డాక్టరమ్మ ఎనిమిదిన్నర దాకా ఉంటాది."

బాబూరావు బుద్ధిగా దిగి వెనకెక్కాడు. ఆమె స్కూటీ తిప్పింది.

"ఎదరకే సూడు బావా. పక్కకి సూడకు."

రైలు గేటు దాకా ఎదరకే చూశాడు. అక్కడ ఆమె భుజం మీదుగా వంగి గుసగుసలాడాడు.

"ఆలిస్యమైపోతాది… మాయమ్మకేటి సెబుదాం?"

"పన్ను నొప్పని సెబుదాం."